ఆర్థిక నేరాలు, కాంప్లయన్స్: పదాల వెనుక ఉన్న ప్రశ్నలను పట్టుకోవడం ఎలా

ఆర్థిక నేరాల నివారణ మీద, ఆ నియమాలను సంస్థలు పాటించేలా చూసే కాంప్లయన్స్ మీద ఏ శిక్షణ పాఠం తెరిచినా మొదట ఎదురయ్యేది పొడి అక్షరాల గుంపు. కేవైసీ, ఏఎంఎల్ (మనీ లాండరింగ్ నిరోధం), సీడీడీ (ఖాతాదారు గురించిన తనిఖీ), పెప్, ఎస్‌టీఆర్, యూబీవో అంటూ సాగే ఆ జాబితాను బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కడం పెద్ద కష్టం కాదు. అయితే ఒక లావాదేవీని ఎదుట పెట్టి, ఇందులో అనుమానించవలసింది ఏమిటని అడిగితే ఆ బట్టీ చదువు అక్కరకు రాదు. అందువల్ల ఇక్కడ పదాలను అకారాది క్రమంలో నిర్వచించడం లేదు. ఈ రంగంలోని దాదాపు ప్రతి పదమూ నాలుగు ప్రశ్నలలో ఏదో ఒకదాని నుంచి పుట్టినదే: ఈ డబ్బు నిజానికి ఎవరిది, దానిని ఎలా సంపాదించారు, అది ఎవరికి చేరుతోంది, చెబుతున్న కారణానికీ జరుగుతున్న పనికీ పొంతన ఉందా. కొత్త పదం కనబడినప్పుడల్లా అది వీటిలో ఏ ప్రశ్నకు చెందినదో గుర్తించండి. నిర్వచనం దానంతటదే గుర్తుంటుంది.

ముందు నేరం, తరువాతే లాండరింగ్

మనీ లాండరింగ్ ఒంటరిగా జరిగే నేరం కాదు. దానికి ముందు సొమ్ము తెచ్చిపెట్టిన మరో నేరం ఉండి తీరాలి. మాదకద్రవ్యాల వ్యాపారం, లంచం, మోసం, దొంగతనం, మనుషుల అక్రమ రవాణా వంటి ఆ మొదటి నేరాన్ని మూల నేరం అంటారు. ఆ నేరం తెచ్చిన సొమ్ముకు న్యాయమైన సంపాదన అన్న వేషం వేయడమే లాండరింగ్. కాబట్టి ఏ కేసు చదివినా మొదట వెతకవలసింది మూల నేరం ఏది అన్నదే. అది తెలియకుండా తరువాతి మలుపులు ఎన్ని చదివినా అవి ఖాతాల పేర్లుగానే మిగిలిపోతాయి.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు ఉంది. నల్లధనం, మనీ లాండరింగ్ అనే మాటలను మనం తరచు ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటాము. నల్లధనం అంటే ప్రధానంగా లెక్కలలో చూపని, పన్ను కట్టని డబ్బు. దానిని సంపాదించిన పని చట్టబద్ధమైనదే కావచ్చు. ఒక వైద్యుడు నగదుగా తీసుకున్న ఫీజును ఖాతా పుస్తకంలో రాయకపోతే ఆ డబ్బు నల్లధనమవుతుంది, కానీ వైద్యం చేయడం నేరం కాదు. లాండరింగ్‌లో దారి తరచు తలకిందులుగా ఉంటుంది. నేరస్థుడు లేని ఆదాయాన్ని ఉన్నట్లు చూపి, దాని మీద పన్ను కూడా సంతోషంగా కడతాడు, ఎందుకంటే పన్ను రసీదును మించిన వేషం అతనికి దొరకదు. ఈ రెండూ కలిసే చోటు కూడా లేకపోలేదు: ఈ రంగంలో అంతర్జాతీయ ప్రమాణాలను నిర్ణయించే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ 2012లో తన సిఫార్సులను సవరించినప్పుడు పన్ను నేరాలను కూడా మూల నేరాల జాబితాలో చేర్చింది. చట్టం ఇచ్చిన మినహాయింపులను వాడుకొని పన్ను తగ్గించుకోవడం మాత్రం ఆ జాబితాలోకి రాదు.

ఉగ్రవాదానికి నిధులు సమకూర్చడాన్ని లాండరింగ్‌తో కలిపి ఒకే గాటన కట్టడం పాఠాలలో అలవాటుగా మారింది. కానీ అక్కడ కీలకం మూడో ప్రశ్న, అంటే డబ్బు ఎవరికి చేరుతోంది అన్నది. జీతం నుంచి ఇచ్చిన విరాళం కూడా నేరపు నిధి కావచ్చు. పైగా మొత్తాలు చిన్నవి. 2001 సెప్టెంబరు 11 దాడుల కుట్రకు అయిన ఖర్చు 4 లక్షల నుంచి 5 లక్షల డాలర్ల మధ్య ఉంటుందని అమెరికా విచారణ సంఘం తేల్చింది. పెద్ద మొత్తాల మీదే కన్ను వేసే పద్ధతికి ఇటువంటివి చిక్కవు.

నియమాలు ఏ క్రమంలో వచ్చాయి

1931లో అమెరికా నేర ముఠా నాయకుడు అల్ కపోన్‌కు 11 ఏళ్ల జైలు శిక్ష పడినది హత్యల కేసులో కాదు, పన్ను ఎగవేత కేసులో. నేరాన్ని నిరూపించలేని చోట డబ్బును వెంబడించవచ్చన్న ఆలోచనకు ఆ కేసును ఉదాహరణగా చెబుతారు. లాండ్రీ దుకాణాల ద్వారా అతను సొమ్మును కడిగాడు కాబట్టి ఈ నేరానికి ఆ పేరు వచ్చిందన్న కథ కూడా వినబడుతుంది. అది వినడానికి బాగుంటుంది, అంతకు మించి దానిని నమ్మనక్కరలేదు. అమెరికా 1970లో చేసిన చట్టం 10,000 డాలర్లకు మించిన నగదు లావాదేవీలను బ్యాంకులు ప్రభుత్వానికి తెలియజేయాలని ఆదేశించింది. జనం వెంటనే 9,000, 9,500 చొప్పున విడగొట్టి జమ చేయడం నేర్చుకున్నారు. 1986లో లాండరింగ్‌తో పాటు ఆ విడగొట్టడాన్ని కూడా నేరంగా ప్రకటించవలసి వచ్చింది. ఈ చిన్న చరిత్రలోనే కాంప్లయన్స్ స్వభావం కొంత బయటపడుతుంది: గీత ఎక్కడ గీసినా దాని పక్కనే నడిచేవారు తయారవుతారు, కనుక గీత దాటినవారి కంటే గీతకు ఆనుకుని పదే పదే నడిచేవారే ఎక్కువ ఆసక్తికరమైనవారు.

1988 నాటి వియన్నా ఒప్పందం మాదకద్రవ్యాల సొమ్మును కడగడాన్ని నేరంగా పరిగణించాలని దేశాలను కోరింది. మరుసటి ఏడాది జీ-7 దేశాల పారిస్ సమావేశంలో ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ ఏర్పడింది, 1990లో దాని 40 సిఫార్సులు వెలువడ్డాయి. సిఫార్సులే అయినా వాటిని పట్టించుకోని దేశాన్ని ఆ సంస్థ తన జాబితాలో పెట్టగానే ఆ దేశపు బ్యాంకులతో వ్యవహరించడానికి ఇతరులు వెనకాడతారు. దేశం ఏదైనా బ్యాంకు దరఖాస్తులో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉండడానికి కారణం ఇదే.

ఒక దొంగతనాన్ని చదివే పద్ధతి

లాండరింగ్‌కు మూడు దశలు ఉంటాయని ప్రతి పాఠమూ చెబుతుంది. నేరపు నగదును బ్యాంకుల వంటి వ్యవస్థలలోకి చొప్పించడం మొదటిది, ఆనవాలు దొరకకుండా ఖాతాల మధ్య తిప్పడం రెండోది, చివరకు ఆస్తిగానో వ్యాపార లాభంగానో సక్రమమైన రూపంలో తిరిగి అందుకోవడం మూడోది. ఈ వర్ణన నగదు ప్రధానమైన నేరాలకు చక్కగా అతుకుతుంది, కానీ అన్నింటికీ అతకదు. 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు జరిగినది చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో హ్యాకర్లు ఆ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి, న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉన్న దాని ఖాతా నుంచి డబ్బు పంపమని, బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు ఆదేశాలు పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థ సందేశాల ద్వారా ఆదేశాలు జారీ చేశారు. ఆ ఆదేశాల మొత్తం విలువ దాదాపు 95 కోట్ల డాలర్లు. వాటిలో 10.1 కోట్ల డాలర్ల మేరకు బదిలీ జరిగింది. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్లు, డబ్బు అందుకోవలసిన సంస్థ పేరులో ఒక మాట స్పెల్లింగు తప్పుగా ఉండడం వల్ల మధ్యలోని బ్యాంకుకు అనుమానం వచ్చి, తిరిగి వచ్చేశాయి. మిగిలిన 8.1 కోట్లు ఫిలిప్పీన్స్‌లోని ఒక బ్యాంకు శాఖలో నాలుగు ఖాతాలకు చేరి, అక్కడి నుంచి స్థానిక కరెన్సీగా మారి క్యాసినోలలోకి వెళ్లాయి.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలను దీని మీద పెట్టి చూడండి. మూల నేరం దొంగతనం. డబ్బు మొదటి నుంచీ బ్యాంకు వ్యవస్థలోనే ఉంది, కాబట్టి చొప్పించే దశ ఇందులో లేనే లేదు. డబ్బు అందుకున్నది ఎవరు అంటే, ఆ నాలుగు ఖాతాలూ దాదాపు తొమ్మిది నెలల ముందు, 2015 మే నెలలో, తలా 500 డాలర్లతో దొంగ పేర్ల మీద తెరిచినవి. ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడం, అంటే మనం కేవైసీ అనేది, విఫలమైనది అక్కడ. పొంతన సంగతి చూస్తే, అన్నాళ్లూ కదలిక లేని ఖాతాలోకి ఒక్కసారిగా లక్షలాది డాలర్లు రావడమే గంట మోగించవలసిన విషయం. క్యాసినోలనే ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా గమనించదగినది: అప్పటి ఫిలిప్పీన్స్ లాండరింగ్ నిరోధక చట్టం క్యాసినోలకు వర్తించేది కాదు, 2017లోనే దానిని వాటికి విస్తరించారు. ఇక సమయం ఎంపిక. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. ఫిలిప్పీన్స్‌లో ఆ సోమవారం చైనా నూతన సంవత్సరపు సెలవు. ఒక దేశంలో ప్రశ్న అడిగేసరికి మరో దేశంలో జవాబిచ్చేవారు లేరు. దొంగలు వాడుకున్నది సాంకేతిక లోపాన్ని మాత్రమే కాదు, వ్యవస్థల మధ్య ఉన్న ఖాళీలను.

ఈ విధంగా ఒక్క కేసును పట్టి చదివితే కేవైసీ, నిద్రాణ ఖాతా, మ్యూల్ ఖాతా, లావాదేవీల పర్యవేక్షణ అనే నాలుగు భావనలు ఒకదానితో ఒకటి ముడిపడి అర్థమవుతాయి. మ్యూల్ ఖాతా అంటే ఇతరుల దొంగ సొమ్ము దాటించడానికి వాడే ఖాతా. దాని యజమాని ఒక్కోసారి అద్దెకిచ్చినవాడు, ఒక్కోసారి మోసపోయినవాడు, ఈ కేసులో మాదిరిగా ఒక్కోసారి అసలు లేనివాడు.

అసలు యజమానిని లెక్క కట్టడం

బినామీ అన్న మాట తెలిసిన పాఠకులకు ఈ భావన సగం ముందే అర్థమైనట్లే. కాగితం మీద ఒక పేరు ఉంటుంది, ఆస్తి అనుభవించేది మరొకరు. కంపెనీల విషయంలో ఆ మరొకరిని అసలు యజమాని లేదా అంతిమ యజమాని అంటారు. పొడి అక్షరాలలోని యూబీవో ఇదే. ఆయన ఎప్పుడూ మనిషే అయి ఉండాలి. కంపెనీకి కంపెనీ యజమాని అన్న జవాబు దగ్గర ఆగకుండా మనిషి కనబడేదాకా పైకి ఎక్కుతూ పోవలసిందే. చాలా దేశాలలో 25 శాతం వాటాను కొలమానంగా తీసుకుంటారు, కొన్ని చోట్ల అది ఇంకా తక్కువ.

ఒక లెక్క చేసి చూద్దాం. ఖాతా కోరుతున్న కంపెనీలో మొదటి కంపెనీకి 50 శాతం, రెండో కంపెనీకి 15 శాతం వాటా ఉన్నాయి. ఒక వ్యక్తికి మొదటి కంపెనీలో 40 శాతం, రెండో దానిలో 60 శాతం వాటా ఉన్నాయి. మొదటి దారిలో 40 శాతాన్ని 50 శాతంతో గుణిస్తే 20 శాతం, రెండో దారిలో 60 శాతాన్ని 15 శాతంతో గుణిస్తే 9 శాతం. రెండూ కలిపితే 29 శాతం, అంటే ఆయన అసలు యజమానులలో ఒకరు. ఒక్కో దారిని విడిగా చూసినవారికి ఆయన కనబడడు. అయితే సగానికి మించి వాటా ఉన్న కంపెనీ చేతిలోని షేర్లన్నీ ఆ వ్యక్తివే, సగం కంటే తక్కువ ఉంటే ఏమీ ఆయనవి కావు అని లెక్కించే పద్ధతి కూడా ఉంది. దాని ప్రకారం ఆయనకు దక్కేది 15 శాతమే. పద్ధతి మారితే జవాబు మారుతుంది కాబట్టి ఏ పద్ధతి వాడారో రాసిపెట్టుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, శాతం మీదే ఆధారపడకుండా డైరెక్టర్లను నియమించేది ఎవరు, తొలగించేది ఎవరు, అప్పు ఇచ్చి పగ్గాలు చేతిలో పెట్టుకున్నది ఎవరు అని అడగాలి. 24 శాతం వాటా సరిగ్గా 24 దగ్గరే ఎందుకు ఆగిందని కూడా అడగవచ్చు.

ఇక్కడే నిధుల మూలం, సంపద మూలం అనే రెండు మాటలు తికమక పెడతాయి. ఇల్లు కొనడానికి ఇచ్చిన డబ్బు షేర్లు అమ్మగా వచ్చిందంటే అది నిధుల మూలం. ఆ షేర్లు కొనేంత స్తోమత ఆ మనిషికి ఎలా వచ్చిందన్నది సంపద మూలం. మొదటిదానికి బ్యాంకు స్టేట్‌మెంటు చాలు, రెండోదానికి ఒక జీవిత కాలపు సంపాదన వివరాలు కావాలి. మంత్రులు, న్యాయమూర్తులు, ప్రభుత్వ సంస్థల అధిపతుల వంటి ఉన్నత పదవులలో ఉన్నవారిని, వారి కుటుంబ సభ్యులను పెప్ వర్గంలో చేర్చి రెండో ప్రశ్న తప్పక అడుగుతారు. ఇది నేరారోపణ కాదు. పదవి వల్ల లంచానికి అవకాశం ఎక్కువ కాబట్టి తీసుకునే జాగ్రత్త మాత్రమే. ఈ సంగతి ఖాతాదారుకు మర్యాదగా వివరించలేక సగం గొడవలు తెచ్చుకుంటారు.

ఆంక్షలు

ఫలానా వ్యక్తులతో, సంస్థలతో, దేశాలతో డబ్బు వ్యవహారాలు జరపకూడదని ప్రభుత్వాలు విధించే నిషేధాలే ఆంక్షలు. వీటికి మిగతావాటి తర్కం పనిచేయదు. డబ్బు చెమటోడ్చి సంపాదించినదే అయినా, ఆంక్షల జాబితాలో ఉన్న వ్యక్తికి అది చేరకూడదు. ఇక్కడ ముప్పును అంచనా వేసి సర్దుకుపోయే వెసులుబాటు దాదాపు ఉండదు. పేర్లను పోల్చడమే అసలు శ్రమ: మహమ్మద్ అనే ఒక్క పేరునే రోమన్ లిపిలో ఎన్నో విధాలుగా రాస్తారు, కాబట్టి అక్షరం అక్షరం సరిపోవాలంటే అసలువాడు జారిపోతాడు, పోలిక చాలనుకుంటే వేలమంది అమాయకులు చిక్కుతారు. పుట్టిన తేదీ, జాతీయత, చిరునామా కలిపి చూడమనేది అందుకే. అమెరికా ఆంక్షల నియమం ప్రకారం జాబితాలోని వ్యక్తులకు కలిపి 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా అది ఉన్నట్లే లెక్క. పైన చెప్పిన యాజమాన్యపు లెక్క ఇక్కడ మళ్లీ అవసరమవుతుంది. సూడాన్, ఇరాన్, క్యూబాలకు సంబంధించిన చెల్లింపులను దాచిపెట్టి జరిపినందుకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు 2014లో నేరం అంగీకరించి దాదాపు 890 కోట్ల డాలర్లు చెల్లించింది.

హెచ్చరికలు ఎందుకు అన్ని వస్తాయి

లావాదేవీలను గమనించే సాఫ్ట్‌వేర్ ఇచ్చే హెచ్చరికలలో అత్యధికం ఉత్తవేనని విన్నవారు ఆ సాఫ్ట్‌వేర్ పనికిరానిదనుకుంటారు. అది లెక్క తెలియక చేసే పొరపాటు. ఊహకు 10 లక్షల లావాదేవీలలో 100 మాత్రమే చెడ్డవి అనుకోండి. చెడ్డవాటిలో 90 శాతాన్ని పట్టుకుని, మంచివాటిలో 1 శాతాన్ని మాత్రమే పొరపాటున ఆపే మంచి నియమం ఒకటి ఉందనుకోండి. అది 90 చెడ్డవాటితో పాటు 9,999 మంచివాటిని కూడా ఎత్తి చూపుతుంది. అంటే నియమం అంత బాగా పనిచేసినా, 100 హెచ్చరికలలో నిజమైనది ఒకటి కూడా పూర్తిగా ఉండదు. నేరం అరుదుగా జరిగేది కావడమే దీనికి కారణం. ఈ లెక్క అర్థమైతే, ముప్పును బట్టి శ్రద్ధ పెట్టడం అనే సూత్రం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది: అందరినీ ఒకే తీవ్రతతో గమనిస్తే చూసే కళ్లు చాలవు, అందుకే తక్కువ ముప్పు ఉన్నవారికి తేలిక తనిఖీ, ఎక్కువ ముప్పు ఉన్నవారికి లోతైన తనిఖీ.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2011లో వేసిన అంచనా ప్రకారం 2009లో ప్రపంచ స్థూల ఉత్పత్తిలో 2.7 శాతం, అంటే సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు, లాండరింగ్‌కు గురయ్యాయి. అందులో అధికారులు స్వాధీనం చేసుకోగలిగినది 1 శాతం కంటే తక్కువ. పని ఎంత మిగిలి ఉందో ఆ అంకెలలోనే కనబడుతుంది.

అనుమానం నిలిచినప్పుడు బ్యాంకు చేసేది దర్యాప్తు కాదు, నివేదన. అనుమానాస్పద లావాదేవీ నివేదికను, అంటే మొదట చెప్పిన ఎస్‌టీఆర్‌ను, దేశంలోని ఆర్థిక నిఘా విభాగానికి పంపితే, వివిధ సంస్థల నుంచి వచ్చినవాటిని కలిపి చూసే పని ఆ విభాగానిది. నేరం రుజువు కానవసరం లేదు, సహేతుకమైన అనుమానం చాలు. నివేదిక పంపిన సంగతి ఖాతాదారుకు చెప్పడం చాలా దేశాలలో నేరం. అందుకే ఆలస్యానికి కారణం అడిగిన ఖాతాదారుతో ఏమి మాట్లాడాలో ముందే నేర్పించుకోవాలి.

సాధన

ఇంతవరకు చదివినది నిలవాలంటే పాఠ్యపుస్తకం కంటే నియంత్రణ సంస్థల ఉత్తర్వులు, స్వతంత్ర విచారణ నివేదికలు మేలు. డెన్మార్క్‌కు చెందిన డాన్‌స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ వ్యవహారంతో మొదలు పెట్టవచ్చు. 2007 నుంచి 2015 వరకు ఆ చిన్న శాఖలోని విదేశీ ఖాతాదారుల ద్వారా దాదాపు 20,000 కోట్ల యూరోలు ప్రవహించాయని 2018 సెప్టెంబరులో వెలువడిన విచారణ తేల్చింది. ఆ మొత్తంలో ఎంత భాగం నేరపు సొమ్మో వేరే సంగతి. ఆ శాఖకు వేరే కంప్యూటర్ వ్యవస్థ ఉండేది, ప్రధాన కార్యాలయపు పర్యవేక్షణ దానికి అందేది కాదు. 2013 చివరలో లోపలి ఉద్యోగి ఒకరు హెచ్చరించినా శాఖ వెంటనే ఆ వ్యాపారాన్ని ఆపలేదు. 2022 డిసెంబరులో బ్యాంకు అమెరికాలో నేరం అంగీకరించి 200 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. ఆ కథనం చదువుతూ, నాలుగు ప్రశ్నలలో ఏది ఎవరు ఎప్పుడు అడగవలసి ఉండెనో అంచులో రాసుకోండి. శాఖ లాభం అంత ఎక్కువగా ఎందుకు ఉందన్నది అసలు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. నష్టాన్ని విచారించినంత శ్రద్ధగా లాభాన్ని ఎవరూ విచారించరు.

తరువాతి మెట్టు మీరే ఒక హెచ్చరికకు ముగింపు రాయడం. విద్యార్థి పేరుతో ఉన్న ఒక ఖాతాలో మూడు నెలలు కదలిక లేదు, ఆపై రెండు రోజులలో 14 మంది నుంచి డబ్బు వచ్చి, గంటలలోనే నగదుగా బయటికి వెళ్లిందని ఊహించుకోండి. "ఖాతాదారుతో మాట్లాడాము, వివరణ సంతృప్తికరంగా ఉంది, ముగించడమైనది" అన్నది పనికిరాని ముగింపు, ఎందుకంటే రెండేళ్ల తరువాత చదివే తనిఖీ అధికారికి అందులో ఏమీ దొరకదు. ఇలా రాస్తే ఆయన మళ్లీ ప్రశ్న అడగవలసిన అవసరం రాదు: "పంపిన 14 మందితో బంధుత్వం గానీ పరిచయం గానీ ఉందా అని అడిగితే, స్నేహితుడి కోరిక మీద ఖాతా వాడుకోనిచ్చానని ఖాతాదారు చెప్పారు. ఆ స్నేహితుడి పూర్తి పేరు చెప్పలేకపోయారు. పంపినవారిలో ఇద్దరు తమ బ్యాంకులలో మోసం జరిగిందని ఫిర్యాదు చేశారు. ఖాతాదారు ప్రకటించిన ఆదాయానికి వచ్చిన మొత్తం పొంతన లేనిది. ఇది మ్యూల్ ఖాతా అని అనుమానించడానికి తగిన ఆధారం ఉన్నందున నివేదిక పంపడమైనది. మిగిలిన నిల్వ మీద లావాదేవీలు చట్టం అనుమతించిన మేరకు నిలిపివేయడమైనది."